గడప ఒకటి, పొయ్యిలు రెండు

ఊరు ఎంతటిదని అడిగితే తెలుగు పల్లెలలో పెద్దలు జనసంఖ్య చెప్పరు. "నూరు గడప ఉంటుంది" అంటారు. అదే ఊరిలో ఒక ఇంటి అన్నదమ్ములు విడిపోయిన సంగతి చెప్పవలసి వచ్చినప్పుడు గడప ప్రసక్తి రాదు. "పొయ్యిలు వేరైనవి" అంటారు. ఈ రెండు మాటలను పక్కపక్కన పెట్టి చూస్తే తెలుగువారు ఇంటిని రెండు విధాలుగా కొలుస్తూ వచ్చినారని తెలుస్తుంది. వీధిలో నిలిచి చూచేవానికి ఇల్లంటే గడప. లోపల బ్రతికేవారికి ఇల్లంటే పొయ్యి.

ఈ రెండు కొలతలూ కలిసి ఉన్నంతకాలం చిక్కు లేదు. ఒక గడప లోపల ఒకే పొయ్యి వెలిగితే అది ఒక కుటుంబపు ఇల్లు అని పసిపిల్లవాడైనా చెప్పగలడు. గడప ఒకటై పొయ్యిలు రెండైనప్పుడు ప్రశ్న పుడుతుంది. అది ఒక ఇల్లా, రెండిండ్లా? అందులో ఉన్నది ఒక కుటుంబమా, రెండు కుటుంబాలా? ఇది పండితగోష్ఠిలో కాలక్షేపానికి వాదించుకొనే ప్రశ్న కాదు. ఇంటి పన్ను, బియ్యం కార్డు, ఇంటి స్థలం, ఊరు మునిగినప్పుడు వచ్చే పరిహారం, ఇవన్నీ దీని సమాధానంపై ఆధారపడి ఉన్నవి. విచిత్రమేమనగా ఈ ప్రశ్నకు చట్టాలన్నీ ఒకే సమాధానం చెప్పవు. భవన నిర్మాణ నియమం గోడను కొలుస్తుంది. జనాభా లెక్కల శాఖ పొయ్యిని చూస్తుంది. భూసేకరణ చట్టం వయస్సును అడుగుతుంది. కొన్ని దేశాలలో నగర నియమాలు రక్తసంబంధాన్ని విచారించినవి. ఏ కొలత ఎందుకు పుట్టినదో, దానివల్ల ఎవరు లోపల పడుతున్నారో, ఎవరు వెలుపల మిగిలిపోతున్నారో తెలుసుకొనడం చదువుకొన్నవారికి అవసరం.

విషయం స్పష్టపడుటకు శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలలోని ఒక కుటుంబాన్ని ఊహించుకొనవచ్చును. పెంకుటిల్లు, వీధి తలుపు ఒక్కటే. ముందు భాగంలో పెద్దకొడుకు, అతని భార్య, ఇద్దరు చిన్నపిల్లలు. వెనుక వసారాలో చిన్నకొడుకు, అతని భార్య. పొయ్యిలు రెండు. భర్త గతించిన తల్లి ఒక నెల పెద్దవాని దగ్గర, ఒక నెల చిన్నవాని దగ్గర వంతుల మీద భోజనం చేస్తుంది. పెండ్లికాని ఇరవై ఏండ్ల కూతురు తల్లి వెంటనే తిరుగుతుంది. మొత్తం ఎనిమిదిమంది. ఈ కుటుంబం కల్పితమే గాని, ఇటువంటి కుటుంబం ఒక్కటైనా లేని వీధి ఆ రెండు జిల్లాలలో అరుదు.

ఉమ్మడి గోడల వీధి

ఉత్తరాంధ్ర పల్లెలలో ఇల్లు కట్టే తీరులోనే ఈ చిక్కుకు బీజమున్నది. ఈ సీమలో చాలా ఊళ్ళలో ఇండ్లు విడివిడిగా ఉండవు. వరుసగా ఒకదాని నొకటి అంటుకొని ఉంటాయి. ఒక ఇంటి పక్కగోడ పొరుగింటికీ గోడయే. ముందు అరుగు, దాని వెనుక నడవ, ఆపైన గది, వంటిల్లు, తుదకు పెరడు. ఇల్లు వెడల్పు తక్కువ, పొడవు ఎక్కువ. వీధికి ఎదురుగా దొరికే జాగా అందరికీ కొంచెం కొంచెమే గనుక ఇల్లు వెనుకకు పెరిగినది.

ఇటువంటి ఇంటికి పంపకం వచ్చినప్పుడు రెండే దారులు. నిలువునా చీల్చితే అన్నదమ్ము లిద్దరికీ వీధి ముఖమూ, పెరడూ దక్కుతవి; కాని అసలే ఇరుకైన ఇల్లు మంచం అడ్డంగా వేయుటకైనా వీలులేనంత సన్నమవుతుంది. అడ్డంగా పంచితే గదులు నిలుస్తవి; కాని వెనుక భాగం వచ్చినవాడు జీవితాంతం ముందువాని నడవలోనుండి నడవవలెను. అప్పుడు గడప ఉమ్మడిగా మిగిలిపోతుంది. పొయ్యిలు రెండు, గడప ఒకటి అనే స్థితి మనుషుల మనస్సులలోనుండి మాత్రమే గాక, ఇంటి కొలతలోనుండి కూడా పుట్టినదన్నమాట.

సముద్రపు ఒడ్డున పరిస్థితి వేరు. ఈ తీరంలో తరతరాలుగా కట్టుకొన్న చుట్టిల్లు గుండ్రని మట్టిగోడలపై గోపురం వంటి తాటాకు కప్పు, దాదాపు నేలను తాకే చూరు గలది. తుపాను గాలికి పట్టుదొరకని ఆ రూపాన్ని అనుభవమే నేర్పినది. గుండ్రని ఇంటిని రెండుగా పంచుట కష్టం. కొత్త కాపురానికి చోటు కావలసినప్పుడు పక్కన మరొక చుట్టిల్లు లేవవలసినదే. అక్కడ గడప, పొయ్యి ఒక్కసారే వేరవుతవి.

సీతంపేట ప్రాంతపు కొండలలో సవరల పల్లెలు మళ్ళీ వరుస ఇండ్లే. పక్కగోడలు కలుపుకొని, ముందు ఎత్తైన అరుగులతో, ఎదురెదురు వరుసలుగా ఇండ్లు నిలుస్తవి. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో ఇప్పుడు సీతంపేట చేరినది. మైదానంలో పెంకుటిండ్ల వరుసను, కొండమీద సవర ఇండ్ల వరుసను చూచినవారికి గోడ పంచుకొనడం ఇక్కడ పేదరికానికి గుర్తు కాదనీ, పొరుగువానిని నమ్మి బ్రతికే ఒక పద్ధతి అనీ తోస్తుంది.

గోడను కొలిచే నియమం

పట్టణ భవన నిర్మాణ నియమం ఈ పద్ధతిని అనుమానంతో చూస్తుంది. అందుకు కారణం లేకపోలేదు. వరుస ఇండ్లలో ఒక కప్పు అంటుకొంటే వీధి వీధి అంతా కాలిపోగలదు. మధ్యగదులకు కిటికీ ఉండదు. వెలుతురు, గాలి తక్కువ. అందుచేత నియమం ప్రతి ఇంటి చుట్టూ కొంత జాగా వదలమంటుంది.

ఉమ్మడి రాష్ట్రంలో 2012 ఏప్రిల్ 7న వెలువడిన భవన నిర్మాణ నియమాలు, విభజన తరువాత ఆంధ్రప్రదేశ్‌లో 2017 మార్చి 28న వచ్చిన నియమాలు ఈ దారినే నడిచినవి. స్థలం ఎన్ని చదరపు మీటర్లు, ముందున్న రోడ్డు వెడల్పు ఎంత, ఇంటి ఎత్తు ఎంత, నాలుగు ప్రక్కలా ఎంత వదలినారు, ఇవి వాటి ప్రశ్నలు. చిన్న స్థలాల విషయంలో కొంత కనికరం చూపినవి. 2012 నాటి నియమాల ప్రకారం 50 చదరపు మీటర్లకు లోపు స్థలంలో ఇరుకు వీధి మీద ముందువైపు 1.5 మీటర్లు వదిలితే, తక్కిన ప్రక్కల గోడ హద్దుదాకా కట్టుకొనవచ్చును. వరుస ఇండ్లకు ప్రత్యేకంగా ఒక పద్ధతి కూడ చెప్పబడినది. ఒక వరుసలో ఎనిమిది ఇండ్లకు మించరాదు. వరుసకు, వరుసకు మధ్య కనీసం 6 మీటర్ల ఎడం ఉండవలెను. ఎనిమిది ఇండ్లతో వరుస ఆపిన పాత పల్లె ఉత్తరాంధ్రలో కనబడుట కష్టమే.

ఈ నియమాలు గోడను ఎంత కొలిచినా, లోపల ఉన్నవారు ఒకరికొకరు ఏమవుతారని అడగవు. పెదతండ్రి కొడుకు ఉన్నాడా, మేనత్త ఉన్నదా అనే విచారణ వాటికి లేదు. జాతీయ భవన నిర్మాణ నియమావళి మాత్రం కుటుంబం ప్రసక్తి తెస్తుంది. 1970లో మొదట వెలువడి 2016లో సవరింపబడిన ఈ గ్రంథం నివాస భవనాలను తరగతులుగా విడదీసినది. ఒకటి లేక రెండు కుటుంబాలు ఉండి, మొత్తం 20 మందికి మించకుండా పడుకొనే వసతి గల ఇల్లు ఒక తరగతి. మూడు లేక అంతకు మించిన కుటుంబాలు ఒకరి నొకరు ఆధారపడక, ఎవరి వంట వారు చేసుకొంటూ ఉండే భవనం అపార్టుమెంట్ల తరగతి. ఇచ్చట పాఠకులు ఒక విశేషం గమనించగలరు. అగ్నిప్రమాదం నుండి ప్రాణరక్షణ కొరకు చేసిన ఈ విభజనలో కూడ కుటుంబాలను వేరుచేసే గుర్తు వంటయే. మన ఉదాహరణలోని ఇల్లు పొయ్యిలు రెండైనా ఒకటి రెండు కుటుంబాల తరగతిలోనే నిలుస్తుంది. మూడవ పొయ్యి వెలిగితే కథ మారుతుంది.

రక్తాన్ని కొలిచిన నియమం

"ఒక కుటుంబపు ఇల్లు" అనే మాట నగర నియమంలో బలంగా పాతుకొనినది అమెరికాలో. అక్కడ నగరాన్ని మండలాలుగా విడదీసి, కొన్ని వీధులలో ఒక్కొక్క స్థలంలో ఒక్క కుటుంబానికి మాత్రమే ఇల్లు కట్టవలెనని నిర్ణయించుట 20వ శతాబ్దపు ఆరంభంలో మొదలైనది. కాలిఫోర్నియాలోని బర్కిలీ పట్టణం 1916లోనే అటువంటి మండలాన్ని ఏర్పరచినది. ఒహాయో రాష్ట్రంలో క్లీవ్‌లాండ్ నగరపు పొరుగున ఉన్న యూక్లిడ్ అనే గ్రామం చేసిన ఇటువంటి మండల విభజనను అమెరికా సుప్రీంకోర్టు 1926లో సమర్థించినది. ఒంటి ఇండ్ల వీధిలో అపార్టుమెంట్లు చేరితే గాలి, వెలుతురు, ప్రశాంతత చెడిపోతాయని ఆ తీర్పు భావించినది.

ఒక కుటుంబానికే ఇల్లన్న తరువాత కుటుంబమంటే ఏమిటో చెప్పక తప్పదు. న్యూయార్కు రాష్ట్రంలోని బెల్ టెర్ అనే గ్రామం రక్తసంబంధం, దత్తత, వివాహం గలవారు ఎందరైనా ఉండవచ్చుననీ, ఆ సంబంధం లేనివారైతే ఇద్దరికి మించరాదనీ నియమం చేసినది. దగ్గరి విశ్వవిద్యాలయంలో చదివే ఆరుగురు విద్యార్థులు ఒక ఇల్లు అద్దెకు తీసుకొని ఉండగా వివాదం లేచినది. 1974లో సుప్రీంకోర్టు గ్రామం పక్షాననే తీర్పు చెప్పినది. చదువు కొరకు ఊరు విడిచి ఒకే గదిలో వండుకొని తినే విద్యార్థులకు ఈ తీర్పు అర్థం వేరే చెప్పనక్కరలేదు.

మూడవ వివాదం మన ఉమ్మడి కుటుంబాలకు మరింత దగ్గరిది. క్లీవ్‌లాండ్ పొరుగుననే ఉన్న ఈస్ట్ క్లీవ్‌లాండ్ పట్టణం రక్తసంబంధాన్ని కూడ కత్తిరించినది. ఐనెజ్ మూర్ అనే వృద్ధురాలు తన కుమారునితోను, ఇద్దరు మనుమలతోను కలిసి ఉండేది. మను లిద్దరూ ఒక కొడుకు పిల్లలు కారు. ఇద్దరు కొడుకుల పిల్లలు. వారిలో ఒకడు ఏడాది నిండకముందే తల్లిని కోల్పోయి నాయనమ్మ దగ్గరకు చేరినవాడు. పట్టణపు నిర్వచనం ప్రకారం అటువంటి ఇద్దరు మనుమలు ఒకే కుటుంబం కారు. పిల్లవానిని పంపివేయమని 1973లో నోటీసు వచ్చినది. ఆమె పంపలేదు. దిగువ న్యాయస్థానం ఆమెకు 5 రోజుల జైలు, 25 డాలర్ల జరిమానా విధించినది. 1977 మే 31న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల మాటతో ఆ శిక్షను కొట్టివేసినది, నలుగురు అంగీకరించలేదు. అవ్వ, మనుమలు, పినతండ్రి, పెదతండ్రి పిల్లలు కలిసి బ్రతుకుట అనాదిగా ఉన్న ఆచారమనీ, కుటుంబాన్ని తల్లిదండ్రులకూ, పిల్లలకూ మాత్రమే కుదించే అధికారం పట్టణానికి లేదనీ ఆ తీర్పు సారాంశం.

పెదతండ్రి కొడుకును అన్న అనీ, పినతండ్రి కొడుకును తమ్ముడనీ పిలిచే భాష మనది. ఆ పిల్లలకు వేరే మాట లేదు. అటువంటి భాష మాట్లాడేవారికి ఈస్ట్ క్లీవ్‌లాండ్ నియమం వింతగా తోచుట సహజం. కాని వింతపడి ఊరుకొనరాదు. తోచిన గీత గీసి ఇటువైపు వారే కుటుంబమని శాసించే గుణం అధికారానికి ఎక్కడైనా ఉన్నదే. మన గీతలు మరొక చోట ఉన్నవి.

పొయ్యిని కొలిచే లెక్క

భారత జనాభా లెక్కలలో 1951 నాటి నుండి ఇల్లు వేరు, ఇంటివారు వేరు అనే భేదం పాటింపబడుతున్నది. వీధినుండి గాని, ఉమ్మడి ముంగిలినుండి గాని, మెట్లనుండి గాని ప్రత్యేకమైన ప్రధాన ద్వారం ఉండి, విడిగా వాడబడుతున్న కట్టడం లేక దానిలోని భాగం జనాభా లెక్కల భాషలో "ఇల్లు". సాధారణంగా కలిసి నివసిస్తూ, ఒకే వంటింటి నుండి భోజనం చేసే మనుషుల గుంపు "ఇంటివారు". రక్తసంబంధం ఉండవలెనన్న నిర్బంధం లేదు. ఇది మన పల్లె పెద్దల గడప, పొయ్యి లెక్కయే. బెల్ టెర్ గ్రామం కాదన్న ఆరుగురు విద్యార్థులు ఒకే వంట తింటూ మన దేశంలో ఉండి ఉంటే, గణకుడు వారిని ఒకే ఇంటివారుగా వ్రాసుకొనేవాడు.

మన ఉదాహరణలోని ఇంటికి ఈ లెక్క వర్తింపజేస్తే ఇంటివారు రెండు జట్లవుతారు. తల్లి సంగతి ఏమిటి? గణకుడు వచ్చిన నెలలో ఎవరి వంతు నడుస్తున్నదో వారి పట్టికలోనే ఆమె పేరు చేరే అవకాశమున్నది. ఆమె వెంట కూతురు పేరు కూడ చేరుతుంది. ఒక నెల ముందు వస్తే ఒక పొయ్యి వద్ద ఆరుగురు, రెండవ పొయ్యి వద్ద ఇద్దరు. ఒక నెల తరువాత వస్తే నలుగురు, నలుగురు. మనుషులు మారలేదు, గోడలు మారలేదు, కుటుంబపు పరిమాణం మాత్రం మారిపోయినది. లెక్క తప్పు కాదు. కాని ఆ వృద్ధురాలి బ్రతుకులోని ముఖ్య విషయం, అనగా ఆమెకు రెండిండ్లు ఉన్నవా లేక ఒక్కటీ లేదా అన్నది, ఏ గడిలోనూ ఇమడలేదు.

వలస పోయినవారి స్థితి మరొక విధమైనది. ఆమదాలవలస మొదలుకొని ఎన్నో ఊళ్ళ పేర్లలోనే "వలస" ఉన్న ప్రాంతమిది. శ్రీకాకుళం తీరపు మత్స్యకారులు గుజరాత్‌లోని వీరావల్ రేవుకు పోయి నెలల తరబడి పడవలపై పనిచేయుట అందరికీ తెలిసినదే. 2018 నవంబరులో అటువంటివారు కొందరు సముద్రంలో పాకిస్తాన్ అధికారులకు చిక్కగా, 20 మంది 2020 జనవరి 6న వాఘా సరిహద్దు ద్వారా స్వదేశం చేరినారు. పనివల్ల వేరుగా తినవలసి వచ్చినవారిని నిర్వచనం కొంతవరకు మన్నిస్తుంది. కాని 2011 లెక్కలలో ఫిబ్రవరి 9 నుండి 28 వరకు ఆసాంతం ఇల్లు విడిచి ఉన్నవారిని వారు ఉన్నచోటనే వ్రాసుకొన్నారు. ఇంటికి డబ్బు పంపి పొయ్యి వెలిగించే మనిషి ఆ పొయ్యి పట్టికలో ఉండడు. ఆ ఏడు శ్రీకాకుళం జిల్లాలో 27,03,114 మంది, విజయనగరం జిల్లాలో 23,44,474 మంది అని తేలినది. వలస పోయినవారిని ఆ అంకెలలో వెదకినా దొరకరు.

చట్టం కుటుంబాన్ని ఎట్లు చూచినది

పొయ్యి వేరైతే కుటుంబం వేరైనట్లేనని పల్లె అనుకొంటుంది. ధర్మశాస్త్రం అట్లు అనుకొనలేదు. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరయే మన ప్రాంతపు ఉమ్మడి కుటుంబ న్యాయానికి మూలం. దానిని 13వ శతాబ్దంలోనే కేతన తెలుగు చేసినాడు. భోజనం, ఆరాధన, ఆస్తి మూడూ కలిసినది ఉమ్మడి కుటుంబం. అయితే వేరుగా వండుకొని తిన్నంత మాత్రాన ఆస్తి విభక్తమైనదని న్యాయస్థానాలు ఒప్పుకొనలేదు. విడిపోవలెననే ఉద్దేశం స్పష్టంగా వెల్లడి కావలెను. కోడళ్ళ మధ్య మాట పట్టింపుతో పెట్టుకొన్న రెండవ పొయ్యి పంపకానికి సాక్ష్యం కాజాలదన్నమాట.

ఈ న్యాయంలో చిరకాలం వెలుపల నిలిచినది కూతురు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలోని 23వ సెక్షను, కుటుంబీకులే పూర్తిగా కాపురమున్న ఇంటిని పంచి ఇమ్మని అడిగే హక్కును, పురుష వారసులు తమంతట పంచుకొనేదాకా, స్త్రీకి ఇవ్వలేదు. ఆ ఇంట ఉండే హక్కు మాత్రం ఉన్నది. అదియైనా కూతురు పెండ్లికానిదో, భర్త విడిచినదో, భర్తనుండి విడిపోయినదో, వితంతువో అయితేనే. "ఒక కుటుంబపు ఇల్లు" అనే మాట ఇక్కడ కూతురి భాగానికి అడ్డంగా నిలిచిన తలుపైనది. ఆంధ్రప్రదేశ్ 1986లో చేసిన సవరణ, 1985 సెప్టెంబరు 5 నుండి అమలులోకి వచ్చి, అప్పటికి పెండ్లికాని కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానమైన హక్కు నిచ్చినది. 2005 సెప్టెంబరు 9న అమలైన కేంద్ర సవరణ 23వ సెక్షనునే తొలగించినది.

భూమి విషయంలో కుటుంబానికి వయస్సు కొలతయైనది. 1973 నాటి ఆంధ్రప్రదేశ్ భూసంస్కరణల చట్టం భార్య, భర్త, మైనరు కొడుకులు, పెండ్లికాని మైనరు కూతుళ్ళు కలిసి ఒక కుటుంబమని చెప్పి, ఐదుగురికి మించని కుటుంబానికి ఒక ప్రామాణిక కమతం నిర్ణయించినది. నేల తరగతిని బట్టి అది మాగాణి అయితే 10 నుండి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుండి 54 ఎకరాలు. భూమిని తీసుకొనుటకు చేసిన నిర్వచనమిది. భూమి పోయినవారికి ఇచ్చుటకు చేసిన నిర్వచనం మరొకటి. 2013 నాటి భూసేకరణ చట్టం ప్రకారం యుక్తవయస్సు వచ్చిన ప్రతివారూ, స్త్రీ అయినా పురుషుడైనా, పెండ్లి అయినా కాకున్నా, వేరు కుటుంబమే. వితంతువులు, విడాకులు పొందినవారు, కుటుంబం విడిచిపెట్టిన స్త్రీలు కూడ వేరు కుటుంబాలే.

ఈ చట్టం కంటితో చూస్తే మన ఉదాహరణలోని ఇంట నాలుగు కుటుంబాలు ఉన్నవి. పెద్దకొడుకుది ఒకటి, చిన్నకొడుకుది ఒకటి, వితంతువైన తల్లి ఒకటి, ఇరవై ఏండ్ల కూతురు ఒకటి. గడప ఒకటి, పొయ్యిలు రెండు, కుటుంబాలు నాలుగు! 2013లోనే వచ్చిన జాతీయ ఆహారభద్రతా చట్టం మరొక అడుగు వేసినది. కార్డు ఇచ్చుటకు, ఇంట 18 ఏండ్లు నిండిన స్త్రీలలో పెద్దదే ఇంటి పెద్ద అన్నది. వంతుల మీద అన్నం తినే తల్లి ఏ కొడుకు కార్డులో ఉంటే ఆ కార్డుకు ఆమెయే యజమానురాలు. అదే ఇంటిని గ్రామపంచాయతీ ఇంటి పన్ను కొరకు చూస్తే మళ్ళీ కట్టడం ముందుకు వస్తుంది. తినేవారి ప్రసక్తి ఉండదు.

ఈ తేడాలు కాగితం మీద చదువుటకు వింతగా ఉంటాయి. ఊరు కదలవలసి వచ్చినప్పుడు బ్రతుకు సమస్య అవుతాయి. హిరమండలం వద్ద వంశధార జలాశయం కొరకు, భోగాపురం వద్ద విమానాశ్రయం కొరకు ఊళ్ళు ఖాళీ అయినవి. అటువంటి చోట ఇంటిముందు నిలిచిన అధికారి వ్రాసుకొనే పట్టికయే రేపటి ఊరు. అందులో వ్రాయబడిన కుటుంబానికి స్థలం ఉంటుంది. వ్రాయబడనివారు బంధువులుగా మిగులుతారు. 2018 అక్టోబరు 11న పలాస ప్రాంతాన్ని తాకిన తిత్లీ వంటి తుపానుల తరువాత కూడ ఇదే. కూలిన ఇంటికి ఇచ్చే సహాయం ఇంటి లెక్కనే ఉంటుంది. ఒక కప్పు క్రింద రెండు పొయ్యిలు తడిసిపోయినప్పుడు ఆ ఒక్క సహాయాన్ని అన్నదమ్ములు పంచుకొనక తప్పదు.

ఏ కొలత ఎందుకు?

ఇన్ని నిర్వచనాలు ఎందుకు, అన్నింటికీ ఒకటే చాలదా అని విద్యార్థులు అడగవచ్చును. చాలదు. అగ్నిప్రమాదంనుండి కాపాడదలచినవాడు గోడల ఎడం చూడవలసినదే. అక్కడ మేనత్త ఉన్నదా లేదా అనేది అప్రస్తుతం. ఎందరు కలిసి తింటున్నారో తెలిస్తే తప్ప బియ్యం లెక్క తేలదు. ఊరు పోగొట్టుకొన్నవానికి మరల నిలువ నీడ చూపవలెనంటే రేపు ఎన్ని కాపురాలు నిలువవలెనో చూడవలెను. కొలతలు అనేకం ఉండుట దోషం కాదు. ఒక పనికి చేసిన కొలతను మరొక పనికి అరువు తెచ్చుకొనడం దోషం. గాలి వెలుతురుల కొరకు పుట్టిన "ఒక కుటుంబపు ఇల్లు" అనే నియమాన్ని ఈస్ట్ క్లీవ్‌లాండ్ ఒక మనుమడిని వెళ్ళగొట్టుటకు వాడినది. కాపురమున్న ఇల్లు చెదరకుండుటకని పెట్టిన సెక్షను ఇక్కడ కూతురి వాటాను 49 ఏండ్లు ఆపినది.

నిర్వచనం మంచిదో కాదో తేల్చుటకు ఒక సులభమైన పరీక్ష ఉన్నది. ఆ ఇంట అందరికంటె బలహీనులైనవారిని అది ఎక్కడ నిలుపుతున్నదో చూడవలెను. పెద్దకొడుకును ఏ నిర్వచనమూ విడిచిపెట్టదు. తల్లిని, పెండ్లికాని కూతురిని, తల్లి లేని మనుమడిని, దూరాన పడవ నడిపే మనిషిని అది చేర్చుకొన్నదా అనేదే ప్రశ్న. ఈ పరీక్షలో 2013 నాటి రెండు చట్టాలు పాతవాటికంటె మెరుగైనవని ఒప్పుకొనవలెను.

కోవిడ్ కారణంగా 2021లో జరుగవలసిన జనాభా లెక్కలు వాయిదా పడినవి. 2027 మార్చి 1 ప్రమాణ తేదీగా లెక్కలు జరుగుతాయని 2025 జూన్ 16న ప్రకటన వెలువడినది. మన దేశంలో ఈ పనికి గడప గడపకూ తిరిగేవారిలో ఎక్కువమంది పాఠశాల ఉపాధ్యాయులే. ఒక ఇంటివారా, రెండిండ్లవారా అని తేల్చేది ఢిల్లీలోని నిర్వచనమే అయినా, దానిని ఆ ఇంటికి అన్వయించేది ఉపాధ్యాయుని కలమే. తరగతిలో కూడ ఈ పాఠం చెప్పవచ్చును. విద్యార్థులు తమ వీధి పటం గీసి, గడపలు ఎన్నో, పొయ్యిలు ఎన్నో, ఊరు విడిచిపోయినవారు ఎందరో గుర్తుపెట్టుకొంటే, ఏ పాఠ్యపుస్తకమూ చెప్పని సాంఘికశాస్త్రం వారికి పట్టుబడుతుంది. రెండు అంకెలూ ఏకం కాని ఇంటి దగ్గర ఆగి కారణం విచారించుట నేర్చుకొంటారు.

అటువంటి ఇంటి ముందు సాధారణంగా బదులు చెప్పుటకు వచ్చేది పెద్దకొడుకు. అతడు చెప్పినది వ్రాసుకొని ముందుకు సాగిపోవుట సులభం. అరుగుమీద కూర్చున్న తల్లిని కూడ ఒకమాట అడిగి వ్రాసుకొంటే ఆ పట్టిక మరికొంత సత్యానికి దగ్గర అవుతుంది. తనది ఏ ఇల్లో చెప్పగలిగినది ఆమె ఒక్కతే.